ముందుకు ఫిల్మ్, మిగతాదానికి నీడ

దుబాయ్‌లో కొత్త కారు కొన్న మనవాళ్లు తరచుగా అడుగుతుంటారు: సిరామిక్ కోటింగా, పీపీఎఫ్ అనే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మా? కారు రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతుంది, పగలు ఎక్కడ ఆగుతుంది అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

షార్జా నుంచి రోజూ వచ్చిపోయే కారుకు లారీ టైర్ల కింది నుంచి ఎగిరే రాళ్ల బెడద. గాలి లేచిన రోజు అల్ ఐన్ రోడ్డు మీద ఇసుక పాములా పాకుతుంది. అందులోంచి స్పీడుగా వెళ్తే బంపరు మీదా బానెట్ అంచు మీదా రంగు చిన్నచిన్న పెచ్చులుగా లేస్తుంది.

రంగు మీది క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. సిరామిక్ పొర మహా అయితే ఒకటి రెండు. షాపులవాళ్లు గొప్పగా చెప్పే ‘9హెచ్’ పెన్సిల్ పరీక్షలో వచ్చే గట్టిదనం. ఇసుకలోని క్వార్ట్జ్‌ను కొలిచేది వేరే కొలబద్ద, ఖనిజాల మోస్ స్కేలు. దాని మీద క్వార్ట్జ్ 7. ఆ రేణువు రాసుకుంటే సిరామిక్ పొరా గీసుకుపోతుంది. దెబ్బ కాచుకునేది 150, 200 మైక్రాన్ల పాలీయురేథేన్ ఫిల్మే. దాని మీద పడే సన్నని గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుంటాయి కూడా. బంపర్, బానెట్, సైడు అద్దాల డొప్పలు: ఇంతవరకు వేయిస్తే చాలని నా అభిప్రాయం. చవకరకం పీవీసీ ఫిల్మ్ మాత్రం వద్దు, ఈ ఎండకు పసుపెక్కి పెళుసుబారుతుంది.

మిగతా బాడీకి సిరామిక్ మంచిదే, మురికి తేలిగ్గా వదులుతుంది. కార్నౌబా మైనం ఇక్కడి వేసవికి ఆగదు. అన్నిటికంటే ముందు నీడ చూసుకోవాలి. అతినీలలోహిత కిరణాలు క్లియర్ కోట్‌ను ఏళ్ల తరబడి తింటూనే ఉంటాయి. కోటింగ్‌కు పెట్టే డబ్బులో కొంత బేస్‌మెంట్ పార్కింగ్‌కు పెట్టమంటాను.

ఆపైన కడగడం. ఆగస్టు రాత్రుల తేమకు బానెట్ మీది దుమ్ము తడిసి, పొద్దున ఎండకు అట్టకడుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గుండ్రటి గీతలు పడి, పెట్రోలు బంకు లైట్ల కింద సాలెగూడులా కనిపిస్తాయి. మా పార్కింగ్‌లో కార్లు కడిగే జగిత్యాల తమ్ముడికి ఇది బాగా తెలుసు. “అన్నా, ముందుగాల నీళ్లు కొట్టి నాననియ్యాలె, గప్పుడే బట్ట పెట్టాలె” అంటాడు. ఒక్కో కారుకు బకెట్ నీళ్లు మారుస్తాడు. అలాంటి మనిషికి నాలుగు దిర్హాములు ఎక్కువిచ్చినా దండగ కాదు.

పాత కారైతే ఫిల్మ్ వేయించేముందు మీటరుతో రంగు మందం కొలిపించండి. మళ్లీ రంగేసిన ప్యానెల్ అయితే, రేపు ఫిల్మ్ తీసేటప్పుడు దాంతోపాటు రంగూ ఊడిరావచ్చు.