పాత తుపాకికి పథ్యము

వైద్యుడు నాడి చూచి పథ్యము నిర్ణయించునట్లు, వయసు మీరిన తుపాకిని పరీక్షించి దాని కే తూటా సరిపడునో చెప్పగల పనివానియందు నాకు మిక్కిలి గౌరవము. జాన్ బ్రౌనింగ్ అను అమెరికా తుపాకుల రూపశిల్పి 1900లో పేటెంటు పొందగా, బెల్జియమునందలి హెర్‌స్టాల్‌లో తయారైన ఆటో-5 తుపాకినే చూడుడు. "తూటా హాయిగా దూరుచున్నది గదా, ఇక సందేహ మేల?" యని యజమాని వాదించును. అపాయమంతయు ఆ హాయిలోనే కలదు. పాత 16 బోరు తుపాకులలో పెక్కింటి తూటా అర పొడవు 65 మిల్లీమీటర్లు. నేటి తూటా పొడవు, మడత విచ్చుకొన్న పిమ్మట, 70. మూతి మడిచియుండుటచే నది సుఖముగా లోనికి పోవును గాని, పేలినప్పుడు ఆ మడత విచ్చుకొని, ముందున్న సన్నని భాగమున జొచ్చి, గుండ్ల దారి నిరుకుచేసి, లోని ఒత్తిడిని పెంచును. కావుననే పనివాడు యజమాని మాట నమ్మక, అరను అచ్చుపోసి కొలుచును.

పిమ్మట అతడు చూచునది గొట్టపు వేగము నణచు రాపిడి వలయము. గొట్టమే వెనుకకు జరిగి వచ్చు ఈ యంత్రమున, బరువు తూటాలకు ఆ వలయము స్ప్రింగునకు ముందు, ఏటవాలు అంచు రాపిడికై యుంచిన కంచు ముక్క వైపునకుండునట్లు అమరవలెను. తేలిక తూటాలకు స్ప్రింగు వెనుక నుండవలెను. తారుమారైనచో తుపాకి తన్నును, లేదా తూటా మారదు. ఉక్కు గుండ్లు పాత బెల్జియము గొట్టములకు నిషిద్ధము. కొన్ని తుపాకులనైతే పనివాడు, బేరము పోయినను సరే, గోడకు వ్రేలాడదీయుడని తిరిగి యిచ్చివేయును.