చొరోపంపా: పాదరసం ఒలికిన దారి

పెరూ దేశపు ఉత్తర భాగాన, ఆండీస్ పర్వతాల నడుమ, కహమార్కా అనే పట్టణం ఉన్నది. దాని చేరువనే యనకోచా బంగారు గని. 2000వ సంవత్సరం జూన్ 2వ తేదీన ఆ గని నుండి వెళుతున్న ఒక లారీలో నుంచి 151 కిలోగ్రాముల పాదరసం సుమారు 40 కిలోమీటర్ల దారి పొడుగునా ఒలికిపోయినది. దారిలోని చొరోపంపా మొదలైన గ్రామాల వారు, పిల్లలతో సహా, మెరుస్తున్న ఆ గుండ్లను చేతులతో ఏరి, సీసాలలో పోసి, ఇండ్లకు తీసుకొని పోయినారు. కొందరు, అందులో బంగారం ఉన్నదేమో అనే ఆశతో, పొయ్యిపై కాచినారు. వందలాది మంది జబ్బుపడినారు.

ఈ ఉదంతంపై ఎర్నెస్తో కబెయ్యోస్, స్తెఫానీ బాయ్డ్ అనువారు 2002లో ఒక వాస్తవ చిత్రం తీసినారు. దాని పేరునకు 'చొరోపంపా: బంగారపు వెల' అని అర్థం. ఊరివారి కోపం, యువకుడైన మేయరు పట్టుదల, వైద్యం కోసం, న్యాయం కోసం జరిగిన పోరాటం ఇందులో చక్కగా కనబడును. చూచినవారు మరువలేరు. అయినను, రసాయనశాస్త్రం బోధించువానిగా నాకు ఈ చిత్రంతో ఒక పేచీ ఉన్నది. కథ అంతయు న్యాయం చుట్టూ తిరుగును. ఆ లోహం మనిషిని ఎట్లు పట్టుకొన్నదో చెప్పుటకు దక్కిన చోటు స్వల్పం. అది తెలియనిదే తప్పు ఎక్కడ జరిగినదో పూర్తిగా బోధపడదు.

బంగారు గనిలో పాదరసం ఎందుకని విద్యార్థులు అడుగవచ్చు. అక్కడి ముడిఖనిజంలోనే పాదరసం కలిసి ఉన్నది. సైనైడు ద్రావణం బంగారంతోపాటు దానిని కూడ కరిగించును. తరువాత వేడిచేసి, ఆవిరిగా వేరుపరచి, చల్లార్చి, ఆనాడు ఉపఫలంగా అమ్మేవారు.

ఇక లెక్క చూడండి. పాదరసం సాంద్రత 13.6. కావున 151 కిలోలనగా సుమారు 11 లీటర్లు మాత్రమే. ఒక బకెట్టులో పట్టును. ఇంత కొద్ది ద్రవం అంత కీడు చేయుట ఎట్లు? పాదరసాన్ని మ్రింగితే ప్రేవులలో పీల్చబడునది అత్యల్పం. దాని ఆవిరిని పీల్చితే సుమారు 80 శాతం రక్తంలో చేరును. దీని మరుగు స్థానం 357 డిగ్రీలు గదా, ఆవిరి ఎక్కడిదని అనుకోరాదు. నీరు మరుగకయే ఆరిపోవుట లేదా? 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 13 మిల్లీగ్రాముల పాదరసపు ఆవిరిని పట్టుకొనగలదు. పనివారికి సాధారణంగా విధించే హద్దు ఘనమీటరుకు 0.025 మిల్లీగ్రాములు. అనగా 500 రెట్లు ఎక్కువ. మూడేసి మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిని ఈ ఆవిరితో నింపుటకు కందిగింజ కంటె చిన్న బొట్టు చాలును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆమ్లం ఒలికితే చురుక్కుమనును, అమోనియా ఐతే కండ్లు మండును. ఇది మాత్రం ఆటవస్తువు వలె మెరియును. పొయ్యిపై కాచిన ఇంటి మాట చెప్పనక్కరలేదు.

ఈ దృష్టితో చూచితే, ఒలికిన సంగతి కంటె ఒలికిన తరువాత జరిగినదే నాకు పెద్ద నేరంగా తోచును. అదేమిటో ఊరివారికి వెంటనే చెప్పలేదు. దారిపైకి ఎవరూ రాకుండ కాపలా పెట్టవలసిన వేళ, ఏరి తెచ్చి ఇచ్చినవారికి డబ్బు ఇస్తామన్నారు. శిక్షణ గాని, ముసుగు గాని లేని చేతులను శుభ్రపరచు పనిలో దింపుటయే ఇది. అంతేకాదు, ధర కట్టిన వస్తువును దాచుకొనవలెనని ఎవరికైనా బుద్ధి పుట్టును. దాచు చోటు ఇల్లే. ప్రపంచ బ్యాంకు కూటమి ఫిర్యాదుల కార్యాలయం నియమించిన స్వతంత్ర సంఘం 2000 జూలైలో నివేదిక ఇస్తూ, ప్రమాదకర పదార్థాల రవాణాలోను, ఆపద వేళకు కావలసిన సన్నాహంలోను లోపాలను ఎత్తిచూపినది. సన్నాహం అంటే యంత్రాలే అనుకొంటారు చాలమంది. దారి వెంట ఉన్న బళ్లకు, చర్చిలకు ముందుగా తెలిసిన నాలుగు మాటలు కూడ సన్నాహమే: ముట్టకండి, త్రొక్కకండి, ఇంటికి తేకండి, వెచ్చచేయకండి.

ఈ చిత్రాన్ని పాఠశాలలో చూపదలచిన ఉపాధ్యాయులు, లారీ కథ ముగిసినచోట ఆపి, పై లెక్కను పిల్లల చేత చేయించిన బాగుండును. మనమేమీ తక్కువ తినలేదు. నా విద్యార్థి దశలో భారమితి పగిలితే పాదరసాన్ని అరచేతిలో దొర్లించి ఆడుకొన్నాము. మిగిలినదానిని చీపురుతో ఊడ్చినారు. ఊడ్చితే గుండు నూరు గుండ్లై ఉపరితలం పెరుగును, ఆవిరియు పెరుగును. కిటికీలు తెరచి, పిల్లలను బయటికి పంపి, చేతి ఉంగరం తీసివేసి, గట్టి కాగితపు అట్టతో గుండ్లను మెల్లగా ఒకచోటికి చేర్చి, మూత గల సీసాలో పెట్టవలెను. పగుళ్లలో మిగిలినదానిపై గంధకపు పొడి చల్లితే సల్ఫైడు పొర ఏర్పడి ఆవిరి తగ్గును. తగ్గుటయే గాని పాదరసం మాయం కాదు. ఆ పొడిని కూడ ఎత్తి సీసాలోనే వేయవలెను, కాలువలో కాదు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే ప్రయోగశాలలో భారమితి క్రింద ఒక పళ్లెం, ప్రక్కన గంధకపు డబ్బా ఉన్నవి. చీపురును మాత్రం వేరే గదికి మార్చినాము.