గదిలో పెట్టిన చౌడు

దుబాయ్ శివార్లలో, అకడమిక్ సిటీ దగ్గర, 1999లో మొదలైన అంతర్జాతీయ బయోసెలైన్ వ్యవసాయ కేంద్రం ఉంది. పైరుకు ఎవరైనా కావాలని ఉప్పునీళ్లు పెడతారా అంటే, అక్కడ పెడతారు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా నికరం కాని దేశం అది. తోడితే వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్లతో బతికే సజ్జ, జొన్న, బార్లీ, క్వినోవా రకాలేవో తేల్చడమే ఈ కేంద్రం పని. విత్తన బ్యాంకులో పదివేలకు పైగా నమూనాలున్నాయి. అన్నింటినీ పొలంలో చల్లి చూస్తే సరిపోదా?

సరిపోదు. చౌడు ఎప్పుడూ సమంగా పరుచుకోదు. బాపట్ల వైపు చౌడు పొలాలు చూసినవాళ్లకు తెలుసు, ఒకచోట పచ్చగా ఉన్న వరి నాలుగడుగుల అవతల మాడిపోయి ఉంటుంది. బతికిన మొక్క గట్టిదా, లేక అదృష్టం కొద్దీ మంచిచోట పడిందా? అందుకే మొదటి వడపోత గదిలోనో గ్రీన్‌హౌస్‌లోనో జరగాలి.

ఇసుక కుండీల్లోనో పోషక ద్రావణం పోసిన తొట్లలోనో మొలకలు పెంచుతారు. రెండు మూడు ఆకులు వేశాక ఉప్పు కలుపుతారు. ఒకేసారి కాదు, రోజుకింత చొప్పున. ఒక్కసారే పోస్తే ఓర్చుకోగల మొక్క కూడా సొమ్మసిల్లి పరీక్ష చెడుతుంది. పక్కనే మంచినీళ్ల వరస ఒకటి ఉండాలి. అది లేకపోతే పుట్టుకతో పొట్టి రకమేదో, ఉప్పుకు గిడసబారిందేదో తేలదు.

ఉప్పు దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. ముందు వేరు నీళ్లు పీల్చలేక ఎదుగుదల మందగిస్తుంది. తర్వాత సోడియం పేరుకుని ముదురాకుల కొసలు మాడతాయి. ఆ ఆకు కోసి, ఆరబెట్టి, పొడిచేసి, ఆమ్లంలో కరిగించి ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో చూస్తే సోడియం ఎంతో, పొటాషియం ఎంతో తెలుస్తుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు మొక్కల్లో ఒకటి సోడియాన్ని వేరు దగ్గరే ఆపుతోందనీ, రెండోది ఆకుదాకా రానిస్తోందనీ ఇక్కడ బయటపడుతుంది. సజ్జ వంటి వాటిలో బ్రీడర్ వెతికేది మొదటిదాన్నే. క్వినోవాకు ఈ లెక్క సరిపోదు. అది ఉప్పును లోపలికి రానిచ్చి కణాల్లోని సంచుల్లో దాచుకుంటుంది.

గదిలో కాలాన్నీ కుదించవచ్చు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ బృందం 2018లో చూపించిన పద్ధతిలో రోజుకు 22 గంటల వెలుతురిస్తే గోధుమ ఏడాదికి ఆరు తరాలు చూస్తుంది. సజ్జకు మాత్రం ఆ దీపాలు పనికిరావు. పగలు పొడవైతే దానికి పూత ఆలస్యమవుతుంది. గదిలోనే అరలు పేర్చి పంట పెంచే చోట్లూ ఉన్నాయి: అబుదాబిలో 2023లో ఏరోఫార్మ్స్ అనే సంస్థ అలాంటి పెద్ద పరిశోధనా వర్టికల్ ఫార్మ్ తెరిచింది. దాని బలం ఆకుకూరలు; ఎడారి రైతు గింజ పంట సంగతి అక్కడ తేలుతుందని నాకు తోచదు.

కుండీలో వేరుకు చోటు తక్కువ. పైగా మొలకగా ఉప్పుకు తట్టుకున్నది పూతకొచ్చేసరికి చేతులెత్తేయవచ్చు. వరికి ఈ రెండు దశలూ గండాలే. కాబట్టి గది పరీక్షకు పనికిరానివాటిని తీసేయడం బాగా చేతనవును, మంచిదాన్ని ఖాయం చేయడం అంతగా కాదు. దుబాయ్ కేంద్రం వందకు పైగా క్వినోవా నమూనాలతో మొదలుపెట్టి చివరికి మిగుల్చుకున్నవి ఐదు. వాటిని ఎంచింది ఇసుక నేలలో ఏళ్ల తరబడి సాగుచేసి, గింజ తూచి చూశాకే.