అపవాదికి చోటు

లెంటు మొదలైంది. నంద్యాల హోలీ క్రాస్ కెథెడ్రల్ అనండి, ఆళ్లగడ్డ అవతల పల్లెలో రేకుల కప్పు కింద జరిగే ఆరాధన అనండి, ఈ రోజుల్లో ప్రసంగం ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి సాతాను దగ్గరికే వస్తుంది. ఇది ఇప్పటి అలవాటు కాదు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ప్రకారం లెంటు మొదటి మూడు ఆదివారాల సువార్త పాఠాలూ ఇవే: అరణ్యంలో యేసుకు కలిగిన శోధన, దయ్యం పట్టిన కూతురి కోసం కనాను స్త్రీ పెట్టుకున్న మొర, మూగదయ్యాన్ని వెళ్లగొట్టడం. ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషన్ సంస్థ మిషనరీలు వచ్చినప్పటి నుంచి ముత్యాలపాడు, నంద్యాల చుట్టుపక్కల సంఘాలు ఈ పాఠాలు వింటూనే పెరిగాయి.

నా బాధంతా ఆ పాఠాలు విన్నాక మనం చేసే పని గురించే. రాత్రి కూటాల్లో మైకు పట్టుకుని సాతానును గద్దించేవాళ్లను చూస్తుంటాను. కడుపు నొప్పి వాడిదే, పీడకల వాడిదే, పిల్లాడు పరీక్ష తప్పడం వాడి పనే. మూర్ఛ వచ్చే కోడలిని స్టేజీ మీదికి తెచ్చి జుట్టు పట్టుకుని ఊపడం చూసినప్పుడు మాత్రం నేను లేచి వచ్చేశాను. ఆ పిల్లకు కావలసింది నరాల డాక్టరు, రోజూ తప్పకుండా వేసుకునే మాత్ర, పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి. జబ్బు మనిషిని సాతాను ఇల్లుగా చూపించడం విశ్వాసం కాదు.

బైబిలు వాడికి అంత అధికారం ఇవ్వలేదు. యోబు గ్రంథంలో వాడు దేవుని అనుమతి లేకుండా యోబు మందను కూడా ముట్టలేకపోయాడు. పేతురును జల్లించడానికి వాడు అడిగి తీసుకోవలసి వచ్చింది. అదే మాటలో యేసు పేతురు నమ్మకం తప్పిపోకుండా తాను వేడుకున్నానని కూడా చెప్పాడు. అంటే మనకన్నా ముందే మన కోసం ప్రార్థన జరిగి ఉంది. సాతాను బలవంతుడే, కాదనను. కానీ తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చే బలం కాదది. మనం తీసి పెట్టిన తలుపులోంచి వస్తాడు.

ఏ తలుపు? ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలోని సర్వాంగ కవచం అందరికీ తెలుసు. ఎండాకాలం సెలవుల బైబిలు బడి (వీబీఎస్)లో పిల్లలు అట్టముక్కలు కత్తిరించి, వెండి రంగు కాగితం అంటించి విశ్వాసమనే డాలు చేస్తారు. అదే పత్రికలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్తే, పొద్దు గూకేలోపు కోపం వదిలెయ్యమనీ, అపవాదికి చోటివ్వొద్దనీ పౌలు పక్కపక్కనే రాశాడు. ఆ రెండు మాటల మీద మన సీమలో చెప్పిన ప్రసంగాలు చాలవని నా ఉద్దేశం.

ఎందుకంటే మనది కోపాన్ని ఆస్తిలాగా కొడుకులకు రాసిచ్చిన నేల. వేటకొడవళ్లు, నాటుబాంబులు సినిమాల్లోకి ఎక్కాయి గానీ, అసలు ఫ్యాక్షన్ నేను చూసింది నరికేసిన చీనీ చెట్లలో, సేద్యం లేక బీడు పడ్డ నల్లరేగడిలో, నలభై ఏళ్లకే తెల్లచీర కట్టిన ఆడవాళ్లలో. తండ్రి పగ ఏమిటో సరిగా తెలియని కొడుకు కూడా ఆ పగ మోశాడు. వాళ్లలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. సాతానును, వాడి క్రియలను విసర్జిస్తున్నామని తొట్టి ముందు జ్ఞానతల్లిదండ్రులు వాళ్ల తరఫున ఒప్పుకున్నారు కూడా. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉపవాసాలతో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి, మనిషి మనసును దయ్యంలా మార్చడంలో కోపాన్ని మించింది లేదన్నాడు. ఆయనకు ఆళ్లగడ్డ తెలియదు. కోపం తెలుసు.

మా జేజి చదువుకోలేదు. కుటుంబ ప్రార్థనకు కూర్చునేముందు లాంతరు వత్తి తగ్గించి ఒకటే అడిగేది: "ఎవురితోనన్నా మాట పడిందా?" పడిందంటే బైబిలు తెరవనిచ్చేది కాదు. ఒకసారి నీళ్ల మళ్లింపు కాడ మా చిన్నాయన పక్కచేని రైతును నానా మాటలని వచ్చాడు. "పోయి మాట్లాడి రాపో నాయనా, అంతదాకా కూచునుంటాం" అంది. పిల్లలం నిద్రకు తూగుతున్నాం. ఆయన పోయి, గడప బయటే నిలబడి రెండు మాటలు చెప్పి వచ్చాడట. అప్పుడే చదివాం కీర్తన. సాతానును ఎదిరించడమంటే నేను నేర్చుకున్నది అంతే, ఇప్పటికీ చేతనైనంతవరకు చేస్తున్నది కూడా అంతే.

అది జేజి సొంతంగా పెట్టిన నియమం కాదని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ పాత ప్రార్థన పుస్తకంలోనే ప్రభురాత్రి భోజనానికి ముందు గురువుకు ఒక ఆజ్ఞ ఉంది. ఇద్దరి మధ్య పగ, ద్వేషం ఉన్నాయని తెలిస్తే, వాళ్లు సమాధానపడేదాకా బల్ల దగ్గరికి రానివ్వకూడదు. ఒకడు మనస్ఫూర్తిగా క్షమించి, రెండోవాడు మొండికేస్తే, క్షమించినవాడికి ఇవ్వాలి, మొండివాడిని ఆపాలి. ఎంత తెలిసి రాశారో చూడండి. రాజీకి ఇద్దరూ రావాలని కూర్చుంటే మన పల్లెల్లో ఎన్ని తరాలు గడిచాయో మనకు తెలుసు. 1950లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) తయారుచేసుకున్న ఆరాధన క్రమం మరో మంచి పని చేసింది. సమాధానాన్ని ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి అందించే పాత ఆచారాన్ని మళ్లీ తెచ్చింది.

అయితే మన నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది సీఎస్ఐ ఏర్పడిన 1947 ఐక్యతలో చేరలేదు. 1975 దాకా విడిగానే ఉన్నారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, వాటిని తక్కువ చెయ్యను. కానీ ఒకే సువార్త చదివే మనుషులు అన్నేళ్లు వేరు వేరు బల్లల దగ్గర మోకరించారన్నది మాత్రం నన్ను కలతపెడుతుంది.

ఇక పగల మాటకొస్తే, క్షమించమంటే కేసు వెనక్కి తీసుకోమని కాదు. భర్తను పోగొట్టుకున్న మనిషిని హంతకుడితో చేయి కలపమని అడిగే హక్కు ఏ గురువుకూ లేదు. నాకు తెలిసిన ఒకామె కోర్టుకు ప్రతి వాయిదాకూ వెళ్లింది, కొడుకును మాత్రం ఒక్క వాయిదాకూ తీసుకెళ్లలేదు. "వానికెందుకన్నా ఆ మొగాలు చూపడం" అంది. ఆమె చేసిన యుద్ధం ముందు మన మైకు కూటాలు చాలా చిన్నవి.

ఈ లెంటులో మన అయ్యగార్లను నేను అడిగేది ఒక్కటే. ఆ పాత ఆజ్ఞను మళ్లీ అమలు చెయ్యండి. ఈస్టరుకు ముందే సంఘంలో చదివి వినిపించండి, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో మీకు తెలియనిది కాదు. బల్ల ముందు వరస సగమైపోతుందని భయం ఉండొచ్చు. సగం కానివ్వండి. మిగతా సగానికి ఎవరి గడప దగ్గరికి వెళ్లాలో తెలుసు.