ముందు మీ కథ చెప్పండి: వయసు మళ్లిన హిజ్రాల బతుకుకథలు, మన వినికిడి

"చేర్చుకోవడం" అనే మాట ఈమధ్య బాగా తిరుగుతోంది. వృద్ధుల సంక్షేమ సభల్లో, స్వచ్ఛంద సంస్థల శిక్షణ తరగతుల్లో, కాలేజీ సెమినార్లలో అదే మాట. వయసు మళ్లిన హిజ్రాలను, మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లను, ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లను తక్కిన ముసలివాళ్లలోకి చేర్చుకోవాలంట. అందుకు మంచి సాధనం వాళ్ల బతుకుకథలంట. కథ వింటే మనసు కరుగుతుందంట. ఈ "అంట"లన్నీ అబద్ధాలని నేననను. కానీ దళితులుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరు ఎవరిని చేర్చుకుంటారు? దేంట్లోకి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ ఉన్న పల్లెల్లో ముసలోళ్లు పొద్దుపుచ్చే చోటు రచ్చకట్ట. వేపచెట్టో రావిచెట్టో, దాని చుట్టూ కడపబండలు పరిచిన దిమ్మె. ఆ కట్ట ఊరందరిదీ అంటారు. నేను పుట్టి పెరిగిన పల్లెలో మా జేజినాయన డెబ్బై ఏళ్ల బతుకులో ఒక్కనాడు కూడా దానిమీద కూర్చోలేదు. పక్కన నిలబడి మాట్లాడేవాడు. కూర్చోవాల్సొస్తే నేలమీద గొంతుక్కూర్చునేవాడు. ఆడవాళ్లయితే ఏ కులం అవ్వలూ కట్ట ఎక్కరు. ఇంతమందిని కిందపెట్టిన కట్టమీదికి ఒక హిజ్రా అవ్వ చేత కథ చెప్పించి ఎక్కిస్తామంటే, ముందు ఆ కట్ట సంగతి తేల్చుకోవాలి.

ఆ కట్టమీద హిజ్రాల గురించి కథలు లేవని కాదు. ఉన్నాయి. వాళ్లలో ఎవరన్నా చస్తే అర్ధరాత్రి తీసుకుపోతారంట, శవాన్ని చెప్పులతో కొడతారంట, బయటివాళ్లు చూడగూడదంట. చూసినోడు ఒక్కడూ లేడు, చెప్పేవాళ్లు మాత్రం కట్టకు పదిమంది. వాళ్లు ఎట్లా బతుకుతారో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో, మోకాళ్లు పట్టేస్తే దుకాణాల చుట్టూ ఎట్లా తిరుగుతారో ఎవరికీ అక్కరలేదు. మన గురించి కూడా ఇట్లాంటి కథలే ఉండేవి గదా. మాలమాదిగలు ఏం తింటారు, ఎట్లా ఉంటారు అని ఊరు చెప్పుకున్న కథలు. మన నోటితో మనం చెప్పుకునేదాకా అవే చరిత్రగా చెల్లినాయి.

బతుకుకథల పద్ధతికి మూలం చూస్తే అమెరికాలో 1978లోనే న్యూయార్కులో "సేజ్" అనే సంస్థ పుట్టింది, వయసు మళ్లిన గే, లెస్బియన్ మనుషుల కోసం. 2010లో వచ్చిన "జెన్ సైలెంట్" అనే డాక్యుమెంటరీ బోస్టన్ ప్రాంతంలో ఇట్లాంటి ముసలివాళ్ల గతి చూపించింది. యవ్వనంలో పోరాడి బహిరంగంగా బతికినవాళ్లు, ముసలితనంలో మంచాన పడి పరాయి చేతుల సేవ మీద ఆధారపడేసరికి భయపడి మళ్లీ తమను తాము దాచుకోవడం. అక్కడ ఈ కథలను నర్సులకూ, ఆశ్రమాల సిబ్బందికీ చూపించి తర్ఫీదు ఇచ్చారు. పనికొచ్చింది కూడా. కానీ వాళ్ల సమస్య వృద్ధాశ్రమం గదిలో మొదలవుతుంది. మన జిల్లాలో ముసలితనం గడిచేది ఇంటి పంచలో, చర్చి వసారాలో, వాడలో, కట్టకింద. ప్రతి చోటుకూ కులం ఉంది. వాళ్ల నమూనా తెచ్చి ఇక్కడ పెడితే ఆ కులం కనపడకుండా పోతుంది.

మన భాషలో మనకు దొరికిన పెద్ద ఆధారం రేవతి పుస్తకం. నామక్కల్ ప్రాంతంలో పుట్టిన రేవతి తమిళంలో రాసుకున్న బతుకు, ముందు వి. గీత ఇంగ్లీషు అనువాదంగా 2010లో వచ్చింది, ఆ తర్వాత తమిళంలో "వెళ్ళై మొళి"గా వచ్చింది. తెలుగులో పి. సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా అనువదిస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చేసింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు. మంచి అనువాదం. అందులో నాకు పేచీ లేదు. పేచీ మనం చదివిన తీరుతో. మన సభల్లో ఈ పుస్తకం గురించి మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది కన్నీళ్ల దగ్గర ఆగిపోయారు. "ఎంత బాధ!" అన్నారు. పుస్తకంలో ఉన్నది బాధొక్కటేనా? ఇల్లు ఎవరిది, ఆస్తిలో వాటా ఎవరికి, సంపాదించి పంపిన డబ్బుకు విలువెంత, తల్లిదండ్రులు ముసలివాళ్లయినప్పుడు ఇంటికొచ్చి నిలబడేదెవరు అని రేవతి లెక్కలు అడుగుతుంది. అన్నలతో కొట్లాడుతుంది. ఆ లెక్కలను పక్కన పెట్టి కన్నీళ్లను మాత్రం తీసుకోవడం అగ్రవర్ణ పాఠకుడికి పాత అలవాటే. దళిత ఆత్మకథలనూ అట్లాగే చదివాడు. బాధ మీద జాలిపడ్డాడు, భూమి ప్రశ్న వచ్చేసరికి పేజీ తిప్పాడు.

నేనూ ఈ తప్పుకు బయటివాణ్ణేం కాదు. జమ్మలమడుగు దగ్గర ఒక మాలపల్లెలో, లండన్ మిషన్ కాలం నుంచీ ఉన్న చర్చి వసారాలో, ఆ పుస్తకంలోంచి కొన్ని పేజీలు ముసలివాళ్లకు చదివి వినిపించినాం. పదిహేను మంది దాకా కూర్చున్నారు, ఎక్కువమంది అవ్వలు. నిర్వాణం ఆపరేషన్ గురించో, ఒళ్లమ్ముకోవడం గురించో అడుగుతారని మేము జవాబులు సిద్ధం చేసుకుని పోయినాం. ఒక అవ్వ అడిగిన మొదటి ప్రశ్న వేరే. "ఆయమ్మకు ముసిలిదయినాక సంగటి ఎవురు పెడతాండారు నాయనా?" మాకు నోట మాట రాలేదు. ఇంకో అవ్వ నవ్వి, "నాకు ముగ్గురు కొడుకులు. నాకెవురు పెడతాండారో ముందు అది చెప్పుమను" అంది. ఆ తర్వాత గంటసేపు రేవతి పేరెత్తకుండానే రేవతి గురించే మాట్లాడుకున్నారు. బెంగుళూరుకు కూలికి పోయిన కొడుకులు, కోడళ్లు, పింఛను డబ్బు ఎవరి చేతికి పోతుంది, తాను చస్తే ఎవరు మోస్తారు.

అదే ఉత్సాహంలో మేము చేసిన పని, ప్రొద్దుటూరులో ఉండే ఒక పెద్దమ్మను, అరవై దాటిన హిజ్రాను, తర్వాతి సభకు రమ్మని అడగడం. పేరు రాయను, ఏ వీధో కూడా రాయను. వచ్చి మీ బతుకు చెప్పండమ్మా, వాళ్లు వింటారు అన్నాం. ఆయమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "నా కత పోలీసోళ్లకు చెప్పినా. ఎయిడ్సు ఆఫీసోళ్లకు చెప్పినా. కారటు కోసరం కలెక్టరాఫీసులో చెప్పినా. చెప్పినప్పుడల్లా ఏందో ఒకటి రాసుకున్యారు. మీరు ముందు మీ కత చెప్పండి సారూ. మీ పల్లెలో ఆడోళ్ల కత చెప్పండి. వింటా. ఆపైన చూస్తాం" అంది.

ఈ మాట దగ్గర ఆగి ఆలోచించాలి. 2018 సెప్టెంబరు 6 దాకా 377 సెక్షన్ చేతిలో పెట్టుకున్న పోలీసులకు ఆయమ్మ కథ ఒక నేరం. హెచ్ఐవి కార్యక్రమాలకు అది ఒక "హైరిస్క్" ఫారం. 2019 చట్టం వచ్చాక జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే గుర్తింపు పత్రానికి అది ఒక దరఖాస్తు. ఇప్పుడు మనకు ఒక శిక్షణ పాఠం. ప్రతిసారీ కథ చెప్పడం లోపలికి రావడానికి కట్టే సుంకం లాగా ఉంది. తక్కిన ముసలివాళ్లు ఆ సుంకం కట్టరు. రెడ్డిగారి ముసలాయనను "నీ పెళ్లినాటి రాత్రి సంగతులు చెప్తే కట్టమీద చోటిస్తాం" అని ఎవరన్నా అడుగుతారా?

చట్టాల్లో కూడా మెలిక ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు లేని ముసలివాళ్లు తమ పోషణ ఖర్చు అడగాలంటే ఆ చట్టం ప్రకారం "బంధువు"ను అడగాలి. బంధువంటే ఆస్తికి వారసుడయ్యేవాడు. హిజ్రా ఇంట్లో ముసలి గురువును చూసేది చేలా. ఆ చేలా చట్టం కళ్లకు ఎవరూ కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 2019లో చేసినప్పుడు కూడా కుటుంబమంటే రక్తం, పెళ్లి, చట్టబద్ధమైన దత్తత, ఇంతే అన్నారు. ఏ ఇల్లయితే తన్ని తరిమిందో ఆ ఇంటినే కుటుంబమన్నారు, అన్నం పెట్టిన ఇంటికి పేరే లేదు. గురుచేలా సంబంధమంతా ప్రేమేనని నేను చెప్పడం లేదు. అందులో అప్పులున్నాయి, దండుగలున్నాయి, వయసుడిగిన మనిషిని భారంగా చూడటమూ ఉంది. రేవతి వాటిని దాచలేదు. కానీ ముసలితనానికి ఆ సంబంధమే ఆసరా అయినప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోకపోవడం ఏం న్యాయం?

పింఛను సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు, డప్పు కళాకారులకు, చర్మకారులకు, ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 రూపాయలు. కాగితం మీద మా డప్పు పెద్దాయన, హిజ్రా పెద్దమ్మ ఒకే వరసలో ఉన్నారు. వెనకట ఆఫీసు ముందు వరసలో నిలబడేటప్పుడు కనీసం ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లేమో. 2019 తర్వాత పింఛను ఇంటి గడపకే వస్తోంది. మంచిదే, ముసలివాళ్ల కాళ్లకు సుఖం. గడప ఉన్నవాళ్లకు. అద్దెకు ఇల్లివ్వని ఊర్లో గడప ఎక్కడ తెచ్చుకోవాలో ఆయమ్మనే అడగాలి.

హిజ్రాలలో కులం లేదు, అందరూ కలిసి తింటారు అని మనవాళ్లే కొందరు మురిసిపోతుంటారు. కలిసి తినడం గొప్పే. కానీ దళిత కుటుంబంలో, పారిశుధ్య కార్మికుడి ఇంట్లో పుట్టిన లివింగ్ స్మైల్ విద్య 2007లో తన ఆత్మకథ ప్రకటించినప్పటి నుంచీ ట్రాన్స్ బతుకులో కులాన్ని పక్కనపెట్టి మాట్లాడటం కుదరని పని అయింది. తమిళనాడులో గ్రేస్ బాను అడుగుతున్న అడ్డం రిజర్వేషను కూడా ఇందుకే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో ట్రాన్స్ మనుషులను వెనకబడిన తరగతిగా చూడమంది. అట్లయితే మాదిగ ఇంట్లో పుట్టిన ట్రాన్స్ మనిషి ఎస్సీనా, బీసీనా? ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలా? ప్రతి తరగతి లోపలా వాటా ఇస్తే ఈ పీట ఉండదు. 2021లో కర్ణాటక ఉద్యోగాల్లో ఒక శాతం అట్లాగే ఇచ్చింది. మాదిగ దండోరా 1994లో చెప్పింది గుర్తు చేసుకుంటే ఇది అర్థం కావడం కష్టం కాదు: మా వాటా మాకు, మా పేరు మాకు, మా తరఫున మీరు మాట్లాడొద్దు. ఆ మాట మనం అన్నాం. ఇప్పుడు మనతో అంటున్నారు.

ఇంకో రకం ముసలివాళ్లున్నారు. పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, మనవళ్లనెత్తుకుని, ఒక స్నేహితుడి పేరు ఎవరికీ చెప్పకుండా బతికిన మగవాళ్లు. ఒకే ఇంట్లో "అక్కాచెల్లెళ్ల మాదిరి" బతికిన ఆడవాళ్లు. వీళ్ల కథలు ఎవరూ అడగొద్దు. పేరు మార్చి రాస్తాం అనే హామీ జమ్మలమడుగులో చెల్లదు, మూడు ముక్కలు చెప్తే ఊరంతా గుర్తుపడుతుంది. పులివెందుల వైపు పల్లెల్లోనైతే కథ ఎవరి చెవిన పడింది, ఆ చెవి ఏ పార్టీది అనేది కూడా చూసుకోవాలి. మన సెమినారు కోసం ఒక ముసలాయన ఇల్లు కూలగూడదు.

మరి పద్ధతి ఏంది? మనకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు వయసు మళ్లినాక చెప్పిన కథలతో. పార్టీ మీద వాళ్లకున్న కోపం కూడా అందులో అచ్చయింది. గోగు శ్యామల టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథను "నేనే బలాన్ని" అని తెచ్చింది. పేరులోనే ఉంది, ఆమె జాలి అడగడం లేదు. ఈ రెండు పుస్తకాల్లోనూ చెప్పేవాళ్లకు తీర్పు చెప్పే హక్కు ఉంది. వినేవాళ్ల మీద కూడా. మన బతుకుకథల సభల్లో లేనిది అదే. అక్కడ హిజ్రా చెప్తుంది, పెద్దలు విని "మేము మారినాం" అంటారు, ఫోటో దిగుతారు.

మేము ప్రొద్దుటూరు పెద్దమ్మ షరతుకు ఒప్పుకున్నాం. మళ్లీ చర్చి వసారాలో కూర్చున్నప్పుడు ముందు చెప్పింది అవ్వలే. ఒకామె మొగుడి తాగుడు, ఇంకొకామె రెడ్ల కళ్లంలో పడిన అవమానం, ఒకామె బిడ్డను బడికి పంపలేకపోయిన సంగతి. నా వంతు వచ్చింది. మా పల్లెలో నా చిన్నప్పుడు ఆడపిల్ల మాదిరి నడుస్తాడని ఒక పిల్లోణ్ణి మేమంతా కలిసి కొజ్జా కొజ్జా అని తరిమేవాళ్లం, వాడు మా పల్లెవాడే, మా కులమే, పదో తరగతిలో ఊరిడిచి పోయినాడు, మళ్లీ రాలేదు అని చెప్పినా. అది నేను ఎవరికీ చెప్పని సంగతి. పెద్దమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి "వాని అమ్మ ఉండాదా?" అని అడిగింది. ఉందని చెప్పినా. ఆ వసారాలోనే మూలన కూర్చోనుంది.

పెద్దమ్మ ఆరోజు తన కథ చెప్పలేదు. ఆ తల్లి పక్కన పోయి కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు, అడగనూ లేదు. నెల తర్వాత ఆయమ్మే మళ్లీ వచ్చింది, కొంచెం చెప్పింది. ఫోన్లో రికార్డు చేసుకుంది. ఫోను ఆయమ్మదే, రికార్డూ ఆయమ్మ దగ్గరే ఉంది. రాయమంటే రాస్తా.