పిడుగు దేవర నుంచి కాష్మోరా దాకా

విజ్ఞానాన్ని ఉత్కంఠతో చదివించే విద్యలో కోనసీమ ఇద్దరు భిన్నమైన రచయితలను తెలుగు పాఠకులకిచ్చింది. ముంగండకు చెందిన మహీధర వారి కుటుంబంలో పుట్టి, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో శాస్త్రవేత్తగా పనిచేసిన నళినీమోహన్ 'పిడుగు దేవర కథ', 'కేలెండర్ కథ' వంటి జనరంజక విజ్ఞాన గ్రంథాలు, అనగా శాస్త్రం చదువుకోని వారికీ అందేలా రాసిన పుస్తకాలు వెలువరించగా, రాజోలులో 1948లో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో వారపత్రిక పాఠకులకు కంటిమీద కునుకు లేకుండా చేశారు.

కాలగణన వంటి విషయంలో ఉత్కంఠ ఎక్కడుందని అనిపించవచ్చు గాని, గోదావరి తీరవాసికి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. అవి పన్నెండేళ్లకోసారి వస్తాయని అందరూ అంటారు. అయితే గురుడు సూర్యుణ్ణి చుట్టిరావడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లే కాబట్టి, ఏటికేడు కనిపించని ఆ తేడా పేరుకుపోయి, ఎప్పుడో ఒకసారి పుష్కరం పదకొండో ఏటనే వచ్చిపడుతుంది. జవాబును ముందే చేతిలో పెట్టక, లెక్క ఎక్కడ తప్పుతోందో పాఠకుడి చేతనే పట్టించగలిగిన పుస్తకం అపరాధ పరిశోధన నవలకు ఏమాత్రం తీసిపోదు.

'తులసిదళం' సంగతి వేరు. తులసి అనే చిన్నారిపై ప్రయోగించిన కాష్మోరా, అనగా క్షుద్రశక్తి, నిజమా కాదా అన్నది తేల్చకుండా, వైద్యాన్నీ హిప్నాటిజాన్నీ ఒకవైపు, మంత్రాన్ని మరొకవైపు నిలిపి కథ నడపడం నవలగా దాని బలమే. కాని వైద్య పరిభాష పక్కన కూర్చోబెట్టిన కొద్దీ చేతబడికి లేని పెద్దరికం అబ్బుతుంది. హేతువాదులు చెప్పే ఈ అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయడం, అభిమానులు ఏమన్నా సరే, సబబు కాదు.

అమెరికన్ రచయిత మైకేల్ క్రైటన్ 1990లో ప్రచురించిన 'జురాసిక్ పార్క్'లోనూ అసాధ్యమే ఉంది: జీవుల వారసత్వ సమాచారాన్ని మోసే డీఎన్‌ఏ అణువు, రాక్షసబల్లులు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల తరువాత కూడా, గట్టిపడిన చెట్టుజిగురులో చిక్కిన దోమ కడుపులో చెడకుండా దొరకడం జరిగే పని కాదు. అయినా ఆ ఒక్క అబద్ధాన్ని ఒప్పుకున్నాక మిగిలినదంతా కారణకార్యాల ప్రకారమే సాగుతుంది, ఎక్కడా మంత్రం వచ్చి గట్టెక్కించదు. యండమూరి కథనవేగం ముందు క్రైటన్ పాత్రలు చెక్కబొమ్మల్లా తోచినా, విజ్ఞానం పేరుతో రాసే థ్రిల్లర్‌గా ఎక్కువ మార్కులు పడవలసింది ఆ అమెరికన్ నవలకే.