అస్ఫటిక స్తుతి

వరుస తప్పినదానా, నీకు నమస్కారం.

వజ్రాన్ని పొగిడారు, పటికను పొగిడారు, ఉప్పుగల్లును సైతం భూతద్దం కింద పెట్టి దాని మూలల్ని మెచ్చుకున్నారు. ఎంత దూరం వెళ్లినా పరమాణువులు అదే కొలతలో, అదే కోణంలో నిలబడటం స్ఫటికాల సొగసు. నీకు ఆ సొగసు లేదు. పక్క పరమాణువు ఎక్కడుందో నీకు తెలుసు, పదుల పరమాణువుల దూరంలో ఉన్నది ఎక్కడుంటుందో నువ్వు హామీ ఇవ్వవు. ఎక్స్-కిరణాలు నీ మీద పడితే గ్రాఫులో పదునైన శిఖరాలు లేవవు, వెడల్పాటి మిట్ట ఒకటి లేచి దిగుతుంది. చూపుకు నువ్వు నల్లటి పొడివి, తడి పూర్తిగా ఆరని లోహపు ఆక్సైడ్‌వి. నిన్ను మెచ్చుకోవాలంటే నీలోకి విద్యుత్తు పంపి చూడాలి.

నీ వంశంలో పెద్దది రుథేనియం. 1844లో కజాన్ నగరంలో కార్ల్ క్లాస్, ఉరల్ ప్లాటినం ఖనిజాన్ని కరిగించగా మిగిలిన మడ్డిలోంచి దాన్ని వెలికితీశాడు. 1971లో ఇటలీ శాస్త్రవేత్తలు త్రసాత్తి, బుజ్జాంకా దాని ఆక్సైడ్ పొర మీద వోల్టేజీని పెంచుతూ, తగ్గిస్తూ, ప్రవాహాన్ని గీతగా రాబట్టారు. రసాయన చర్య జరిగేచోట గీత ఎగుడుదిగుడుగా నడవాలి. వాళ్లకు వచ్చింది ఇంచుమించు దీర్ఘచతురస్రం. అలాంటి గీత గీసేది కెపాసిటర్. లోపల బ్యాటరీలోలాగా చర్య నడుస్తోంది, బయటికి కెపాసిటర్ లక్షణం కనబడుతోంది! ఈ రెండు గుణాల పొత్తును ఒట్టావాలో బ్రయన్ కాన్వే ఏళ్ల తరబడి విడమరిచి చెప్పాడు. సూడోకెపాసిటెన్స్ అనే పేరు శాస్త్రంలో అలా కుదురుకుంది.

బొగ్గు ఎలక్ట్రోడూ విద్యుదావేశాన్ని పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. 1853లో హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన జంట పొర దానిది. ఇటు ఎలక్ట్రాన్లు, అటు ద్రావణంలోని అయాన్లు, ఉపరితలం మీద ఎదురెదురుగా నిలిచి ఆగిపోతాయి. నువ్వు లోపలికి రమ్మంటావు. తీగ వెంట ఎలక్ట్రాన్ వస్తుంది, ఆమ్లంలోంచి ప్రోటాన్ వస్తుంది. ఎలక్ట్రాన్ చేరిన రుథేనియం ఆక్సీకరణ స్థితిలో నాలుగు నుంచి మూడుకు దిగుతుంది, ప్రోటాన్ చేరిన ఆక్సిజన్ హైడ్రాక్సిల్ అవుతుంది. తిరిగి ఇమ్మంటే రెండూ వచ్చిన దారినే బయటపడతాయి. నీ చట్రం కూలదు, ఏ గోడా పగలదు. అందుకే వేల సార్లు నింపినా, ఖాళీ చేసినా నీకు అలుపు రాదు.

నీలోని తడికి వేరుగా నమస్కరించాలి. ఇల్లు కట్టేచోట ఇటుకలు చేతులు మారుతూ పై అంతస్తుకు చేరినట్టు, ప్రోటాన్లు నీటి అణువుల వరుస గుండా లోపలికి చేరతాయి. ప్రతి అణువూ ఇటునుంచి ఒకటి పుచ్చుకుని, అటు తనది ఒకటి అందిస్తుంది. తడి తగ్గితే ప్రోటాన్‌కు దారి మూసుకుపోతుంది. మరీ ఎక్కువైతే ఆక్సైడ్ రేణువులు ఒకదానికొకటి ఎడమై ఎలక్ట్రాన్‌కు దారి తెగుతుంది. రెంటికీ చాలినంత తడి, రెంటికీ చాలినంత పొడి. నిన్ను ఇంకా దగ్గరగా చూసినవాళ్లకు నానోమీటర్ల పాటి క్రమమైన ముక్కలూ, వాటి సందుల్లో నీరూ కనబడ్డాయి. ముక్కల వెంట ఎలక్ట్రాన్, సందుల వెంట ప్రోటాన్. నీ అస్తవ్యస్తం వెనక ఇంత పొందిక ఉంది.

1995లో అమెరికా సైనిక పరిశోధనశాలలో జెంగ్, సైగన్, జో రుథేనియం క్లోరైడ్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపారు. నల్లటి అవక్షేపం దిగింది. వడగట్టి, కడిగి, 150 డిగ్రీల దగ్గర వేడిచేశారు. గ్రాముకు 720 ఫారడ్లు పట్టావు. అంటే ఒక్క వోల్టు పెరిగేలోగా ఒక ఆంపియర్ ప్రవాహాన్ని 12 నిమిషాలపాటు గ్రాము పొడి మింగినట్టు. లెక్క ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే, నీలోని ప్రతి రుథేనియం పరమాణువుకూ సుమారుగా ఒక్కో ఎలక్ట్రాన్ వంతుకొస్తుంది. పైపైన ఉన్నవాటితోబాటు లోలోపలివీ పంక్తిలో కూర్చుంటేనే ఇంత లెక్క తేలుతుంది. వేడి 175 డిగ్రీలు దాటించి చూశారు. స్ఫటికం ఏర్పడసాగింది, నీరు వదిలిపోయింది, నీ పట్టు గబగబా పడిపోయింది. వరుసలో నిలబడ్డావు, వచ్చినవాళ్లకు చోటు లేకుండా పోయింది.

రుథేనియం రూపంలో నువ్వు అందరికీ అందవు. అరుదైన లోహం, రాజుల ధర. కనుక నీ రెండో రూపాన్నీ కొలుస్తాను. 1999లో టెక్సాస్‌లో లీ, గుడెనఫ్ పర్మాంగనేట్‌ను మాంగనీసు లవణంతో కలిపి నిన్ను గోధుమ నలుపులో రప్పించారు. పల్లెల్లో బావినీళ్లు శుద్ధి చేయడానికి వేసిన ఊదారంగు పర్మాంగనేటే అది. ఆమ్లం అక్కర్లేకుండా, మామూలు పొటాషియం క్లోరైడ్ నీళ్లలోనే గ్రాముకు 200 ఫారడ్ల దరిదాపులో పట్టావు. ఆ గుడెనఫే లిథియం-అయాన్ బ్యాటరీలకు చేసిన సేవకు 2019లో, 97 ఏళ్ల వయసులో, నోబెల్ అందుకున్నాడు. మాంగనీసు మాకు కొత్త కాదు. మన దేశంలో దాని తవ్వకం మొదలైంది 1892లో, విజయనగరం ప్రాంతంలోనే. ఆ నేల రాయి ఓడలెక్కి పరాయి దేశాల ఉక్కు కొలిములకు పోయింది. దానిలోని లోహానికి ఇలాంటి కొలువూ ఉందని అప్పుడెవరికీ తెలియదు.

ఇక ఫలశ్రుతి. స్తుతించినవాడు వరం అడగడం ఆచారం, అడుగుతున్నాను. ఆగబోయే బస్సు బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిని సెకన్లలో పుచ్చుకుని, బస్సు మళ్లీ కదిలేటప్పుడు తిరిగి ఇచ్చే పని ఒకటుంది. నేటి బజారులో ఆ పని ఎక్కువగా బొగ్గు ఎలక్ట్రోడ్లదే. మాంగనీసు రూపంలో నీ గుండా విద్యుత్తు సరిగా పారదు, పొర మందమైతే లోపలి భాగం ఊరకే పడి ఉంటుంది. నిన్ను పలచగా పరిచి, కార్బన్ నానోట్యూబుల మీద పూసి ఆ లోపం తీర్చాలని ఎందరో పాటుపడుతున్నారు. వాళ్ల చేతులకు లొంగు. రుథేనియం చురుకు మాంగనీసు ధరకు దొరికేలా చెయ్యి.